రెండో కాలమ్ ఎందుకు?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వార్సాలో మిఖాయిల్ త్స్వెట్ ఆకుల సారాన్ని సుద్దపొడి నింపిన గాజు గొట్టంలోకి, అంటే కాలమ్‌లోకి దింపాడు. పైనుంచి ద్రావణి పోస్తుంటే పచ్చ, పసుపు పట్టీలు విడివిడిగా కిందికి జారాయి. క్రొమటోగ్రఫీ పుట్టింది అలాగే. ఆకు రంగులు కొన్నే కనుక ఒక్క గొట్టంతో గడిచింది.

ఉన్నిలోని అమైనో ఆమ్లాలతో అలా గడవలేదు. లీడ్స్‌లోని ఉన్ని పరిశోధన సంస్థలో కాన్స్‌డెన్, గోర్డన్, మార్టిన్ 1944లో ఒక చిట్కా ప్రచురించారు. అమైనో ఆమ్లాల చుక్కను వడపోత కాగితం మూలన పెట్టి ఒక ద్రావణిని పాకించాలి. ఆరాక కాగితాన్ని పక్కకు తిప్పి ఇంకో ద్రావణిని పాకించాలి. మొదటి దారిలో కలిసి నడిచినవి రెండో దారిలో విడిపోయేవి.

కానీ కాగితం బదులు ఉక్కు కాలమ్ వాడితే దాన్ని అలా తిప్పలేం కదా! 1978లో పరిశోధకులు ఎర్ని, ఫ్రై ఆ పని వాల్వ్‌తో చేయించారు. సునాముఖి సారం మొదటి కాలమ్‌లో అణువుల పరిమాణాన్ని బట్టి విడిపోయేది. అందులోంచి వచ్చిన భాగాలను వాల్వ్ రెండో కాలమ్‌కు అందించేది. అక్కడ నీటికి దూరంగా ఉండే గుణాన్ని బట్టి మళ్లీ విడిపోయేవి.

1984లో శాస్త్రవేత్త గిడింగ్స్ లెక్క చెప్పాడు: ఉదాహరణకు, మొదటి కాలమ్ 100 పదార్థాలకు, రెండోది 50కి చోటిస్తే, జంటగా 5,000కు చోటుంటుంది. కానీ రెండూ వేర్వేరు గుణాలను పట్టుకోవాలి. ఒకే జల్లెడలో రెండుసార్లు జల్లిస్తే ఒరిగేదేముంది? చాలామంది తడబడేది ఇక్కడే అని నా అభిప్రాయం.

మిశ్రమంలోంచి ఒక్క పదార్థాన్నే శుద్ధిగా తీయాలంటే అన్ని భాగాలనూ రెండో కాలమ్‌కు పంపనక్కర్లేదు. కావలసిన పదార్థం బయటికి వచ్చే క్షణాల్లోనే వాల్వ్ తిప్పితే చాలు. ఆ వ్యవధిని పెంచితే దిగుబడి పెరుగుతుంది, మలినం కూడా వస్తుంది. తగ్గిస్తే శుద్ధి పెరుగుతుంది, సరుకు పోతుంది. అసలు చిక్కు ద్రావణిది. మొదటి కాలమ్ నుంచి వచ్చే ద్రావణి రెండోదానికి మరీ ఘాటైతే, పదార్థం అక్కడ నిలవకుండా కొట్టుకుపోతుంది. రెండోది నీటికి దూరంగా ఉండే గుణాన్ని పట్టుకునే రివర్స్ ఫేజ్ కాలమ్ అయితే ముందే నీళ్లు కలిపి పలచన చేయాలి. అప్పుడు పదార్థం కాలమ్ మొదట్లోనే సన్నని పట్టీగా పోగవుతుంది.

ఇంతా చెప్పాక ఒక మాట: మొదటి కాలమ్‌ను సరిగా సర్దడంతోనే విడిపోయే మిశ్రమానికి ఈ జంట యంత్రం దండగ.