రహీమ్ సాబ్ బడి

హైదరాబాద్‌లో ఒకప్పుడు చిత్రమైన ఫుట్‌బాల్ టోర్నమెంట్లు జరిగేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందుకున్నవాడు దాన్ని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు ఉరకకూడదు, వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే తన్నాలి. ఈ నియమాలు పెట్టినాయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. భారత ఫుట్‌బాల్‌కు మళ్లీ దొరకని కోచ్.

నేను సర్కారు బడిలో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి. ఆ నియమాల విలువ మైదానంలో నిలబడ్డవాళ్లకే అర్థమవుతుంది. పిల్లలకు బంతి వేసి చూడండి, ఇరవై మందీ దాని వెంటే గుంపుగా పరుగెత్తుతారు. దొరికినవాడు ఎవరికీ ఇవ్వడు. డ్రిబ్లింగ్ వద్దని చెప్పగానే ఆట మారిపోతుంది. బంతి కాలికి చేరకముందే ఎవడెక్కడున్నాడో తలెత్తి చూసుకోక తప్పదు. మిగతావాళ్లు ఖాళీ వెతుక్కుని పాస్ కోసం నిలబడక తప్పదు. ఉపన్యాసంతో రానిది ఒక్క నియమంతో వస్తుంది. ఇది పంతులు బుర్రకు తట్టే ఉపాయం.

రహీమ్ అసలు వృత్తి పంతులుగిరీయే మరి. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు, అక్కడే డిగ్రీ చదివారు. నగరంలోని బళ్లలో పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాక నగరం మొత్తం ఆయన తరగతి గది అయింది.

1950లో ఆయన చేతికి రెండు జట్లు వచ్చాయి: హైదరాబాద్ సిటీ పోలీస్, భారత జట్టు. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే కాలమది. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను సిటీ పోలీస్ ఓడించింది. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు గెలుచుకుంది.

దేశం జట్టుకు మొదటి ఫలితం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో దక్కింది. ఫైనల్లో మేవాలాల్ కొట్టిన గోల్‌తో ఇరాన్ మీద 1-0తో గెలిచి స్వర్ణం తెచ్చారు. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో పెద్ద దెబ్బ తగిలింది. చాలామంది వట్టికాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆ తర్వాతే మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో హైదరాబాదీలు బాగానే ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్ వాళ్లలో ఒకరు.

జట్టును నిలబెట్టే తీరులోనూ ఆయన కాలం కంటే ముందే ఉన్నారు. అప్పట్లో వెనక ముగ్గురు బ్యాక్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండడం పరిపాటి. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 పద్ధతి 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఆటతో లోకానికి తెలిసింది. అంతకు ముందే రహీమ్ ఆ దారి పట్టారని ఆయన శిష్యులు చెబుతూ వచ్చారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గట్టి జట్లకూ ఎదురు నిలిచాం: ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసుకున్నాం, హంగరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడాం.

ఆయన పనితనమంతా 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కనిపిస్తుంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. థాయ్‌లాండ్ మీద గెలిచిన మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. కుట్లున్న తలతో వెనక బంతిని అడ్డుకోవడం కష్టం. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడేవాడని రహీమ్‌కు గుర్తుంది. సెమీఫైనల్‌కు అతణ్ణి ముందుకు పంపారు, దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదుట నిలిచింది మళ్లీ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడా అధికారి సోంధీ తప్పుపట్టారని ఇండోనేషియా ప్రేక్షకులు మనవాళ్ల మీద మండిపడుతున్నారు. మైదానం నిండా గేలి. ఆ గోలలోనే పి.కె. బెనర్జీ ఒక గోల్, కుట్లు పడ్డ జర్నైల్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. తొమ్మిది నెలలు గడిచేసరికి, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీమ్ కన్నుమూశారు. చనిపోయేదాకా సిటీ పోలీస్‌కూ, భారత జట్టుకూ ఆయనే కోచ్.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 1970లో కాంస్యం వచ్చింది, ఆ జట్టు కెప్టెన్ కూడా హైదరాబాదీయే, సయ్యద్ నయీముద్దీన్. నయీముద్దీన్ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కూ, దేశం జట్టుకూ కోచ్‌గా పనిచేసి ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. అక్కడితో హైదరాబాదీల వరస పలచబడింది. 2024లో అజయ్ దేవగన్ నటించిన ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా రహీమ్ ఎవరని అడిగితే ఈ ఊళ్లోనే చాలామంది తెల్లమొహం వేసేవాళ్లు.

ఆటగాళ్లు కరువై మన ఆట చితికిందంటే నేనొప్పుకోను. పదేళ్ల పిల్లాడికి ఓపిగ్గా పాస్ నేర్పే మాస్టర్లు కరువయ్యారు. మా బళ్లో ఆటల పీరియడ్‌ను పరీక్షల ముందు లెక్కల సారు అడిగి తీసుకునేవారు, పరీక్షలయ్యాక తిరిగిచ్చేవారు కాదు. రహీమ్ చేసినదానికి పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఒక బంతి, ఒక నియమం, దాన్ని సడలించని ఒక మాస్టారు ఉంటే చాలు. తల్లిదండ్రులారా, మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఆటల పీరియడ్ గురించి కూడా అడగండి. తోటి పీఈటీలారా, వారానికొక రోజైనా డ్రిబ్లింగ్ లేకుండా ఆడించండి.