మూడు నెలల్లో మారిన తెలుపు

జాతి అనేది ఒంటి రంగులోనో రక్తంలోనో ముందే ఉంటుందని, చట్టం దాన్ని గుర్తించి రాసుకుంటుందంతేనని చాలామంది నమ్మకం. వందేళ్ల కిందట అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే ఆ నమ్మకం నిలవదు. 1790 నాటి చట్టం వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకే పౌరసత్వం ఇచ్చింది. అంతర్యుద్ధం ముగిశాక, 1870లో, ఆఫ్రికా మూలాలవారిని చేర్చారు. ఆసియా నుంచి వచ్చినవాళ్లు మాత్రం తాము తెల్లవాళ్లమని కోర్టులో రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

1922 నవంబరులో టకావో ఒజావా కేసు తేలింది. జపాన్‌లో పుట్టినా ఇరవై ఏళ్లుగా అమెరికాలోనే ఉంటున్నాడు, అక్కడే చదువుకున్నాడు, ఇంట్లో మాట్లాడేదీ ఇంగ్లిషే. ఒంటి రంగు చూసినా తమవాళ్లు ఎవరికీ తీసిపోరని వాదించాడు. రంగు లెక్కలోకి రాదని, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడని జస్టిస్ జార్జ్ సదర్లాండ్ తీర్పు రాశారు. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, పంజాబ్‌కు చెందిన భగత్ సింగ్ థిండ్ వంతు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆనాటి మానవశాస్త్రం ఉత్తర భారతీయులను కాకేసియన్లనే అంటోంది కదా, మీరు పెట్టిన కొలతకే నేను సరిపోతున్నానని అడిగాడు. శాస్త్రవేత్తల వర్గీకరణతో పనిలేదు, సామాన్యుడు ఎవరిని తెల్లవాడనుకుంటాడో వాడే తెల్లవాడని ఈసారి రాసింది కూడా ఆ సదర్లాండే. కొలత మారింది, ఫలితం మారలేదు. ఎవరిని బయట ఉంచాలన్నది ముందే నిర్ణయమైపోయింది, నిర్వచనాన్ని దానికి తగ్గట్టు కత్తిరించారు.

ఇదేదో పేరు కోసం పెనుగులాట కాదు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసింది, 1920లో దాన్ని ఇంకా బిగించింది. ఆ చట్టంలో ఏ జాతి పేరూ లేదు, ఉండాల్సిన అవసరమూ రాలేదు. థిండ్ తీర్పుతో పంజాబీ రైతులు ఆ నిషేధం కిందికి వచ్చారు. అప్పటికే పౌరులైన భారతీయుల నుంచి పౌరసత్వం వెనక్కి లాక్కోవడం మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణోదాస్ బాగాయ్ అలా ఏ దేశమూ లేనివాడయ్యాడు, ఆస్తి పోగొట్టుకున్నాడు. ఇండియాకు వచ్చి వెళ్దామంటే బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

మనుషుల్లో తేడాలు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి కదా అని అడగవచ్చు. కనిపిస్తాయి, కాదనలేం. కానీ ఆ తేడాలు ఊరి నుంచి ఊరికి, ప్రాంతం నుంచి ప్రాంతానికి కొద్దికొద్దిగా మారుతూ పోతాయి. గీత ఎక్కడ గీయాలో ప్రకృతి చెప్పదు. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లో లెక్కగట్టినప్పుడు మానవ జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలే తేలింది.

థిండ్ తరఫు వాదనలో నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. తాను అగ్రకులంవాడినని, నల్లవాళ్లతో పెళ్లిని అమెరికన్లు ఎలా చూస్తారో తమవాళ్లూ ఇండియాలోని ఆదివాసులతో పెళ్లిని అలాగే చూస్తారని కోర్టుకు విన్నవించారు. నిచ్చెనను ప్రశ్నించలేదు, పై మెట్టు మీద చోటు అడిగారు. కింద ఉన్నవాళ్లే తమకన్నా కిందివాళ్లను చూపించి విలువ పెంచుకోవాలని చూడటం ఏ అంతస్తుల వ్యవస్థకైనా గట్టి ఆసరా.

1946లో భారతీయులకు పౌరసత్వ హక్కు దక్కింది, దాంతోపాటు ఏడాదికి 100 మంది వలసదారుల కోటా కూడా. అయినా మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా పౌరుడు కాకుండానే 1948లో అక్కడ కన్నుమూశారు. తెలుగు డాక్టర్లకూ ఇంజినీర్లకూ తలుపు బాగా తెరిచింది 1965 నాటి వలస చట్టం. నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కుదిపిన రోజుల్లో వచ్చిన చట్టమది. మనవాళ్లు కష్టపడి పైకొచ్చారు, నల్లవాళ్లు ఎందుకు రాలేరని తెలుగువాళ్లలో కొందరు అంటుంటారు. కష్టం నిజమే. కానీ ఆ చట్టంలో ఒక దారి పెద్ద చదువు, వృత్తి నైపుణ్యం ఉన్నవాళ్లను ఏరి తీసుకుంది. మనవాళ్లలో మొదట వెళ్లినవాళ్లు ఎక్కువగా ఆ దారినే వెళ్లారు. అలా ఏరిన కొద్దిమందిని, తరాల తరబడి భూమికీ బడికీ బ్యాంకు అప్పుకూ దూరం చేసిన మొత్తం సమాజంతో పోల్చడం అన్యాయం.