బూట్ల గది వారసులు

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మైదానం అంచున నిలబడి చేతులు తిప్పుతూ కేకలేసే కోచ్‌ని అందరం చూస్తాం. ఆయన వెనక బెంచీ మీద మరొకాయన కూర్చుని ఉంటాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోరు. గెలిస్తే పేరు పెద్దాయనది, ఓడితే తిట్లూ పెద్దాయనకే! మరి ఉన్నట్టుండి ఆ పెద్దాయన 'ఇక చాలు' అని వెళ్లిపోతే? బెంచీ మీది మనిషినే ఆ స్థానంలో నిలబెడితే? ఇంగ్లాండ్‌లోని లివర్‌పూల్ క్లబ్ అదే చేసింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

అక్కడ చీఫ్ కోచ్‌ని మేనేజర్ అంటారు. 1959 డిసెంబరులో బిల్ షాంక్లీ ఆ ఉద్యోగంలో చేరేనాటికి లివర్‌పూల్ రెండో డివిజన్‌లో కొట్టుమిట్టాడుతోంది. కొత్త బాస్ వస్తున్నాడంటే పాతవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది కదా... తన మనుషుల్ని వెంటబెట్టుకొస్తాడని! షాంక్లీ మాత్రం బాబ్ పైస్లీ, జో ఫేగన్, రూబెన్ బెన్నెట్... అందర్నీ ఉండమన్నాడు. షరతు ఒక్కటే. ఒకరి మీద ఒకరు చాడీలు మోయకూడదు. మోస్తే, మోసినవాడికే ఉద్వాసన.

క్లబ్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్. అందులో ఆటగాళ్ల బూట్లు పెట్టే ఇరుకు గది ఒకటుండేది. సహాయకులంతా అక్కడే చేరేవారు. కుర్చీలకు బదులు సరుకు పెట్టెలు. టీ తాగుతూ ఎవరు మందగించారు, ఎవరికి విశ్రాంతి కావాలి అని గంటల కొద్దీ చర్చ. మ్యాచ్ అయ్యాక ప్రత్యర్థి కోచ్‌లనూ లోపలికి పిలిచి గ్లాసు చేతిలో పెట్టేవారు. మర్యాదకు మర్యాద, సమాచారానికి సమాచారం! ఏ రోజు ఏం సాధన చేయించారో, ఎవరికి దెబ్బ తగిలిందో పుస్తకంలో రాసి పెట్టేవారు. 1973 నవంబరులో యుగోస్లావియా జట్టు రెడ్‌స్టార్ బెల్‌గ్రేడ్ చేతిలో రెండు మ్యాచ్‌లూ ఓడాక, డిఫెండర్లు బంతిని ఊరికే బాదేయకుండా ఓపిగ్గా పాస్‌లు అందించాలన్న నిర్ణయం జరిగిందీ ఆ గదిలోనే.

'బాస్' ఎవరు?

జట్టును పైకి తెచ్చి, మూడు లీగ్ టైటిళ్లు గెలిపించి, 1974 జులైలో షాంక్లీ హఠాత్తుగా రాజీనామా చేశాడు. ఆ బాధ్యత పైస్లీ మీద పడింది. ఆయనకు అస్సలు ఇష్టం లేదు. షాంక్లీ నోరు తెరిస్తే నగరమంతా చెవులు రిక్కించేది. పైస్లీకి నలుగురిలో మాట పెగలదు, చెప్పాలనుకున్న పదం సమయానికి దొరకదు.

దానికితోడు షాంక్లీ ఉద్యోగం వదిలాడేగానీ సాధన మైదానాన్ని వదల్లేకపోయాడు. రోజూ వచ్చేవాడు. ఆటగాళ్లు అలవాటుగా ఆయన్నే 'బాస్' అని పిలిచేవారు. ఇదంతా వింటూ కొత్త బాస్ పక్కనే ఉండేవాడు! చివరికి రావొద్దని పెద్దాయనకు చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఆయన మనసుని గాయపరిచింది. తప్పెవరిదంటే చెప్పడం కష్టం. పదిహేనేళ్లు పెంచిన తోటలోకి రావొద్దంటే ఎవరికి మాత్రం నొప్పి ఉండదు? అయితే ఒక జట్టుకు ఇద్దరు బాస్‌లు కుదరరు కూడా.

పైస్లీ గురువు పద్ధతిని ముట్టుకోలేదు. అవే చిన్న జట్ల ఆటలు, బంతి అందించి ఖాళీలోకి కదలమనే అదే పాఠం. మనిషి మాత్రం వేరు. గాయపడ్డ ఆటగాణ్ని చూస్తే షాంక్లీకి గిట్టేది కాదు, పలకరించేవాడే కాదు. ఫిజియోథెరపీ చదువుకున్న పైస్లీ నడక చూసి నొప్పి ఎక్కడుందో పసిగట్టేవాడు. షాంక్లీని అనుకరించబోయి ఉంటే నవ్వులపాలయ్యేవాడేమో. తన దారిన తాను వెళ్లి తొమ్మిదేళ్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. షాంక్లీకి ఒక్క యూరోపియన్ కప్పూ దక్కలేదు.

1983లో ఫేగన్ వంతు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. తొలి సీజన్‌లోనే లీగ్, లీగ్ కప్, యూరోపియన్ కప్... మూడూ గెలిచాడు. రెండో ఏడాది తర్వాత తప్పుకోవాలని ముందే నిశ్చయించుకున్నాడు. ఆఖరి మ్యాచ్ 1985 మే 29న, బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో యువెంటస్‌తో. ఆట మొదలవకముందే అల్లర్లు, గోడ కూలడం... 39 మంది చనిపోయారు. తిరిగొచ్చాక విమానాశ్రయంలో సహాయకుడు రాయ్ ఎవాన్స్‌ని పట్టుకుని ఫేగన్ ఏడుస్తున్న ఫొటో చూస్తే, ఆ ముందు ఏడాది గెలిచిన మూడు కప్పులు గుర్తుకు రావు.

ఆ ఎవాన్స్ కూడా బూట్ల గది మనిషే. 25 ఏళ్లకే ఆట మానేసి, 1974లో శిక్షణ సిబ్బందిలో చేరాడు. 1994లో మేనేజర్ అయ్యాడు. అప్పటికి గది లేదు. 1993లో పడగొట్టి, పత్రికలవాళ్ల కోసం కొత్త గది కట్టారు. గోడతోపాటే అదృష్టమూ పోయిందనే అభిమానులు ఉన్నారుగానీ, అది పూర్తి నిజం కాదు. డబ్బు, విదేశీ కోచ్‌లు, తిండి దగ్గర్నుంచీ కొత్త శాస్త్రం... ఆటే మారిపోయింది. గదిలో నేర్చిన పాఠం ఒక్కటే చాలలేదు. ఎవాన్స్‌కు దక్కింది 1995 లీగ్ కప్ ఒక్కటే. 1998లో ఫ్రెంచ్ కోచ్ జెరార్డ్ హూలియేని ఆయనతో పాటు జంటగా కూర్చోబెట్టారు. నాలుగు నెలలు తిరగకుండానే ఎవాన్స్ తప్పుకున్నాడు.

మన హైదరాబాదీ రహీమ్ సాబ్ శిష్యుల్లోనూ ఇలాంటి వారసుడున్నాడు. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. ఆ ఫైనల్లో గోల్ కొట్టిన పి.కె.బెనర్జీ తర్వాత తనూ పేరున్న కోచ్ అయ్యాడు.

ఈ తరంలో మికెల్ ఆర్టెటా 2016 నుంచి మాంచెస్టర్ సిటీలో గార్డియోలాకు సహాయకుడు. 2019 డిసెంబరులో ఆర్సెనల్‌కు కోచ్‌గా వెళ్లి, 2020 ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో గురువుగారి జట్టునే ఓడించాడు. కప్పూ గెలిచాడు. లివర్‌పూల్‌లో యుర్గెన్ క్లాప్‌కి కుడిభుజంగా ఉన్న పెప్ లైండర్స్‌కి అంత కలిసిరాలేదు. 2024లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ జట్టుకు కోచ్‌గా వెళితే డిసెంబరుకల్లా తీసేశారు. 2025లో ఆయన మళ్లీ సహాయకుడిగానే చేరాడు... ఈసారి గార్డియోలా పక్కన.