తోలు మిగిలింది, గొంతు ఏది?

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది చిత్రాలకూ, ధర్మవరం మండలం నిమ్మలకుంటలో మేకతోలు మీద తీర్చే బొమ్మలకూ ఉన్న పోలిక చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అవే పక్కవాటు ముఖాలు, అవే విప్పారిన కళ్లు. మొదటిదాన్ని విజయనగర కళావైభవం అని తరగతి గదుల్లో పాఠం చెబుతాం. రెండోదాన్ని హస్తకళ అని దుకాణంలో పెడతాం. ఈ రెండు మాటల మధ్య దూరంలో కులం ఉందని నా అభిప్రాయం.

నిమ్మలకుంటలో మొదట ఉన్నది ఆట. వస్తువు ఆ తరువాత వచ్చింది. మరాఠీ మూలాలున్న ఆ కుటుంబాలు ఊరూరా తిరిగి, తెల్లగుడ్డ తెర కట్టి, వెనక దీపం వెలిగించి, తెల్లవార్లూ రామాయణ భారతాలు ఆడేవి. మనిషెత్తు బొమ్మను ఆడించేవారే పద్యం పాడాలి, సంభాషణ చెప్పాలి, కాలికింది చెక్కను తొక్కి యుద్ధఘోష పుట్టించాలి. సీతకూ ద్రౌపదికీ ఆ ఇంటి ఆడవాళ్లే గొంతునిచ్చేవారు. పట్నపు నాటకాల్లో మగవారు చీర కట్టిన రోజుల్లో కూడా. నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి పెద్దమనుషుల గుట్టు రట్టు చేసేవారు. ఊరి రచ్చబండ మీద చోటు లేనివారికి తెర వెనక నుంచి ఆ ఊరినే వెక్కిరించే హక్కు దక్కింది. అది చిన్న హక్కు కాదు.

ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2020లో దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. రావలసినవే. కానీ అంగడి అడిగేది లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు. వాటిని అమ్మే ప్రభుత్వ దుకాణాల పేరు కూడా లేపాక్షే. సంపాదన అంతా తోలు కోయడంలో ఉన్నప్పుడు పందొమ్మిదేళ్ల పిల్లవాడు ఉలి పడతాడు గాని కేతిగాడి మాట ఎందుకు నేర్చుకుంటాడు?

ఈ సందర్భంలో అమెరికా నల్లజాతి నాటకశాలలు గుర్తుకొస్తాయి. క్లీవ్‌లాండ్‌లో 1915లో మొదలైన సంస్థే నేటి కరాము హౌస్. బాలుడిగా లాంగ్‌స్టన్ హ్యూస్ అక్కడికి వెళ్లేవాడు. సెయింట్ పాల్‌లో 1976లో లూ బెల్లమీ పెనంబ్రా నాటకసంస్థను స్థాపించింది నల్లవారి పేటలోని సామాజిక కేంద్రంలో. బడి మధ్యలో మానేసిన ఆగస్ట్ విల్సన్ నాటకాన్ని మొదట వృత్తి రంగస్థలం ఎక్కించింది ఆ సంస్థే. తరువాత ఆయనకు రెండు పులిట్జర్లు వచ్చాయి. పేటలో ఒక గది: ఆ కుర్రవాళ్లకు ఆసరా అయినది ఇదే.

జాతి వేరు, కులం వేరు. పోలికను మరీ సాగదీయకూడదు. ఆ మాటకొస్తే, జాంబపురాణంలో తమ పుట్టుకను తామే చెప్పుకొనే చిందు కళాకారులే ఆ సంప్రదాయానికి మరింత దగ్గర. బొమ్మలాటవారు చెప్పింది ఎక్కువగా రాజుల కథలే. అయితే కేతిగాడి నోటికి పురాణం అడ్డురాలేదు. హిందూపురం పారిశ్రామికవాడలో రోజుకూలికి పోయే దళిత యువకుడి మాట, ధర్మవరం మగ్గం ముందున్న పిల్ల మాట ఆ నోట పలకకూడదని ఎవరన్నారు?

ఉత్సవ వేదిక మీద పది నిమిషాల ప్రదర్శన, ఒక శాలువా దీనికి చాలవు. నిమ్మలకుంటలో ఏడాది పొడవునా తెరచి ఉండే ఆటశాల కావాలి. పద్యం వచ్చిన వృద్ధులను డిగ్రీ అడగకుండా గురువులుగా నియమించి నెలజీతం ఇవ్వాలి. నేర్చుకునే పిల్లలకు, ఏ కులం వారైనా, ఉపకారవేతనం ఉండాలి. ఏ ఆట ఆడాలో నిర్ణయించేది మాత్రం సాంస్కృతిక శాఖ అధికారి కాకూడదు. ఆ శాల తాళంచెవి ఆడేవారి దగ్గరే ఉండాలి.