పాకెట్టు మీది అంకెలు చదివేదెవరు?

బిస్కట్లు, చిప్సు, మసాలా పొడులు, పాల పాకెట్లు దొరకని కిరాణా కొట్టు ఇప్పుడు పల్లెల్లో లేదు. ధర ఎంతని అడగని వారుండరు. ఆ ధర పక్కనే వుండే తేదీని చూసేవారు మాత్రం బహు తక్కువ. చూద్దామన్నా అది ఇంగ్లీషులో వుంటుంది. పాకెట్టు మీది వివరాలు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని వుంటే చాలునని నిబంధన. తెలుగులో వేయడం, మానడం కంపెనీ ఇష్టం. కూలి నుంచి వచ్చి పిల్లవాడికి ఐదు రూపాయల పాకెట్టు కొనిచ్చే తల్లి సంగతి ఈ నిబంధన రాసిన వారికి తోచినట్టు లేదు.

అయినా అంకెలు తెలిసిన వారు కొంత చూసుకోవచ్చు. ఎం.ఎఫ్.డి., ఎం.ఎఫ్.జి. అని వుంటే తయారైన తేదీ. పి.కె.డి. అంటే పాకెట్టులో నింపిన తేదీ. ఇ.ఎక్స్.పి. అన్నా, ‘యూజ్ బై’ అన్నా గడువు తేదీ. అది దాటిన సరుకు తినరాదు, అమ్మరాదు. ‘బెస్ట్ బిఫోర్’ వేరు. అప్పటివరకు రుచి, వాసన తగ్గవని కంపెనీ చెప్పే మాట అది. ఆ తేదీ దాటిన మర్నాడే బిస్కట్టు విషమైపోదు. ఈ తేడా తెలియక మంచి సరుకు పారేసేవారున్నారు. ఏ తేదీనీ లెక్కచేయని వారు పాల పాకెట్టు విషయంలోనూ అలాగే వుంటున్నారు. 2020 నాటి లేబులింగు నిబంధనలు గడువు తేదీని తప్పనిసరి చేశాయి. ‘బెస్ట్ బిఫోర్’ను కంపెనీల ఇష్టానికి వదిలాయి.

మన దేశంలో రోజు ముందు, నెల తరువాత వేస్తారు. అమెరికాలో వున్న పిల్లలు తెచ్చే చాక్లెట్ల మీద నెల ముందుంటుంది. 05/08 మన లెక్కన ఆగస్టు 5, వారి లెక్కన మే 8.

కొట్లలో మరో తంతు. తేదీ మీద ధర చీటీ అంటించి వుంటుంది, లేదా సిరా చెరిగి వుంటుంది. గడువు మీరిన సరుకు ఏజెంటు వెనక్కి తీసుకోకపోతే నష్టం చిన్న కొట్టువాడి నెత్తినే పడుతుంది, నిజమే. కాని తేదీ మార్చి అమ్మడం నేరం. తప్పుడు లేబులుకు 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద 3 లక్షల రూపాయల వరకు జరిమానా వుంది.

ఇక బ్యాచి నెంబరు. ఒక విడతలో తయారైన సరుకంతటికీ ఒకటే నెంబరు. అందులోని అక్షరాలు ఫ్యాక్టరీనో, యంత్రాన్నో, షిఫ్టునో సూచిస్తాయి. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి కనుక బయటివారికి అర్థం కాదు. కానక్కరలేదు కూడా. ఒక పాకెట్టు తిని పిల్లలకు వాంతులైతే, అదే విడత సరుకు ఇంకా ఏయే ఊళ్లకు చేరిందో వెతికి వెనక్కి రప్పించడానికి ఆ నెంబరే ఆధారం. మన ఇళ్లలో జరిగేదేమిటి? కారంపొడి గాని, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గాని డబ్బాలో పోసి, కవరు పొయ్యిలో పడేస్తారు. రేపు ఏమైనా జరిగితే చూపడానికి ఏమీ మిగలదు. తేదీ, నెంబరు వున్న ముక్క కత్తిరించి డబ్బాకు రబ్బరు బ్యాండుతో చుట్టి వుంచడానికి ఖర్చేమీ కాదు.

ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల ఫోను నెంబరు 1915. జిల్లా ఆహార భద్రతా అధికారులకు కూడా అర్జీ ఇవ్వవచ్చు. సరుకు పేరు, కొన్న చోటు, బ్యాచి నెంబరు, వుంటే బిల్లు దగ్గర పెట్టుకుని ఫోను చేయాలి.