సెల్లార్‌లో పూర్తయ్యే బీరు

కల్లు రుచి చెట్టు దగ్గరే తెలుస్తుందంటారు మన ఊళ్లలో. ఇంగ్లండ్‌వాళ్ల సంప్రదాయ బీరు ‘బిట్టర్’ కూడా అంతే, పబ్బులోనే తాగి చూడాలి. బ్రూవరీ గేటు దాటాక కూడా ఈ బీరు తయారవుతూనే ఉంటుంది మరి.

నేనుండే బ్రైటన్ నుంచి రైలెక్కితే పావుగంటలో లూయిస్ వస్తుంది. అక్కడ ఊజ్ నది ఒడ్డున ఉంది హార్వీస్ బ్రూవరీ. 1790లో మొదలైన వ్యాపారం. వాళ్ల ‘ససెక్స్ బెస్ట్’ బిట్టర్ నాకు ప్రాణం. ఆల్కహాలు 4 శాతమే. సుద్దకొండల్లో ఇంకిన వాననీటిని బోరు నుంచి తోడి, దాంతో బీరు కాస్తారు. ఈస్టును 1957లో యార్క్‌షైర్‌లోని జాన్ స్మిత్స్ బ్రూవరీ నుంచి తెచ్చుకున్నారు. ఒక విడతలోంచి తీసి ఇంకో విడతలో వేస్తూ నేటికీ దాన్నే బతికించుకుంటున్నారు.

ఆ బతికున్న ఈస్టుతోనే బీరు పీపాలోకెక్కి పబ్బుకు వస్తుంది. నాకు తెలిసిన ఒక పబ్బు యజమాని నన్ను సెల్లార్‌లోకి తీసుకెళ్లి చూపించారు. పీపాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. లోపల ఈస్టు ఇంకా పులియబెడుతూనే ఉంటుంది, గ్యాసు దానంతటదే పుడుతుంది. ఎక్కువైన గ్యాసు పోవడానికి పీపా పైన మెత్తటి చెక్క మేకు దిగ్గొడతారు. పొంగు సద్దుమణిగాక ఆ మేకు తీసి, గట్టి మేకు పెట్టి మిగతా గ్యాసును ఆపుతారు. ఈస్టు అడుక్కి దిగడానికి చాలా బ్రూవరీలు చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం కలుపుతాయి. శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

చిన్న పీపాలో 72 పైంట్లు పడతాయి. ఒక పైంటు 568 మిల్లీలీటర్లు. పీపా తెరిచాక గాలి తగులుతుంది కాబట్టి మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. అందుకే నేను జనం బాగా తాగే పబ్బుకే వెళ్తాను.

బార్ దగ్గర నిలబడి ‘పైంట్ ఆఫ్ హార్వీస్’ అంటే చాలు. పొడవాటి పిడిని లాగి గ్లాసు నింపుతారు. ఆ చేతిపంపు మీద జోసెఫ్ బ్రామా 1797లోనే పేటెంటు తీసుకున్నాడు.

మొన్న కరీంనగర్ నుంచి వచ్చిన తమ్ముడు ఒక గుక్క తాగి, ‘‘అన్నా, ఇది సల్లగ లేదేంది?’’ అన్నాడు. సెల్లార్ చల్లదనమే దీని చల్లదనం, 11 నుంచి 13 డిగ్రీలు. ఇంకా చల్లబరిస్తే నాలుక మొద్దుబారి సగం రుచి తెలియదు. ‘‘మెల్లగా తాగరా’’ అన్నాను. ముందు రాగి రంగు చూడాలి. తర్వాత వాసన: బిస్కెట్ లాంటి మాల్టు, ఎండుగడ్డి, కాస్త మట్టి. నోట్లో పోసుకుంటే మొదట మాల్టు తీపి, వెనకే ఈస్టు ఇచ్చే పండ్ల రుచి, చివర్లో హాప్స్ పూల చేదు. ఆ చేదు నోటిని ఆరబెట్టి మరో గుక్క అడుగుతుంది. సగం గ్లాసయ్యేసరికి తమ్ముడు చల్లదనం మాట మర్చిపోయాడు.

ఈ రుచిని జనం పోరాడి కాపాడుకున్నారు. ఫ్యాక్టరీలో వడగట్టి, గ్యాసెక్కించిన బీరు పబ్బులను ముంచెత్తుతున్న కాలంలో, సంప్రదాయ బీరును కాపాడేందుకు 1971లో ‘కామ్రా’ ఉద్యమం పుట్టింది. లూయిస్‌లోనే 2006 చివర్లో గ్రీన్ కింగ్ అనే బీరు కంపెనీ తన ‘లూయిస్ ఆర్మ్స్’ పబ్బులో హార్వీస్ తీసేస్తే, ఊరివాళ్లు ఆ పబ్బును నెలల తరబడి బహిష్కరించారు. 2007 వసంతంలో కంపెనీ దిగొచ్చింది, హార్వీస్ మళ్లీ వచ్చింది.

మీరు వెళ్తే ముందు సగం పైంటు తీసుకోండి. పుల్లటి వాసన వస్తే మొహమాటపడకుండా తిరిగివ్వండి, మంచి పబ్బు మారు మాట్లాడకుండా మార్చి ఇస్తుంది. ఒక పైంటులో రెండు యూనిట్లకు పైనే ఆల్కహాలుంటుంది, వారానికి 14 మించొద్దని బ్రిటన్ వైద్యాధికారుల సలహా. నచ్చితే ఆ పీపాను చూసుకున్నవాళ్లకు ఆ మాట చెప్పండి. బ్రూవరీ మొదలుపెట్టిన బీరును పూర్తి చేసింది వాళ్లే.