ఎచిగో-త్సుమారి భూకళా ఉత్సవము

ఎచిగో-త్సుమారి భూకళా ఉత్సవము జపాను దేశములోని నీగాట ప్రిఫెక్చరు (మన రాష్ట్రము వంటి పాలనా విభాగము) దక్షిణ భాగములో సుమారు మూడేళ్ళకొకసారి జరిగే కళోత్సవము. మొదటి ఉత్సవము 2000 సంవత్సరములో జరిగినది. తొకామాచి నగరము, త్సునాన్ పట్టణములకు చెందిన సుమారు 760 చదరపు కిలోమీటర్ల కొండ ప్రాంతము దీనికి వేదిక. యువకులు వలసపోగా వృద్ధులే మిగిలిన పల్లెలను, అక్కడి పొలములు, పాడుబడిన ఇళ్ళు, మూతబడిన బడుల ఆధారముగానే తిరిగి నిలబెట్టుట దీని ఉద్దేశము. భూదృశ్య రూపకల్పన, సుస్థిర పర్యాటకముల ద్వారా జరిగే గ్రామ పునరుజ్జీవనమునకు దీనిని ఉదాహరణగా చూపుతారు.

భౌగోళిక నేపథ్యము

జపానులో అతి పొడవైన షినానో నది (367 కి.మీ.) ఈ ప్రాంతము గుండా ప్రవహిస్తుంది. శీతాకాలములో మంచు కొన్నిచోట్ల 3 మీటర్లకు మించి పేరుకుంటుంది. సమతల భూమి తక్కువ కావున రైతులు తరతరాలుగా మూడు ఉపాయములతో వరి పండించారు.

* తనాదా: కొండవాలును మెట్లుగా చెక్కి గట్లు వేసిన మళ్ళు.
* సెగాయె: మెలికలు తిరిగే వాగును అడ్డదారిన మళ్ళించి, ఎండిన పాత వాగు గర్భమును మడిగా మార్చుట.
* మాబు: కొండలో చేతితో తవ్విన సొరంగము ద్వారా నీటిని పారించుట.

మెట్ల పొలములలో పెద్ద యంత్రములు తిరుగలేవు. ఒక మడి బీడుపడి గట్టు తెగితే మట్టి, నీరు క్రింది మళ్ళమీదికి జారుతాయి. అనగా ఒక రైతు సాగు మానితే నష్టము అతనితో ఆగదు. పట్టణములకు వలసలు, 1970 నుండి ప్రభుత్వము అమలుచేసిన వరిసాగు తగ్గింపు విధానము ఈ పల్లెలను మరింత బలహీనపరచినవి.

ఆరంభము

నీగాట ప్రిఫెక్చరులోనే 1946లో జన్మించిన ఫ్రామ్ కితగావా ఈ ఉత్సవమునకు రూపకర్త. పొలములో కళాఖండము పెట్టుట వలన ప్రయోజనమేమని మొదట స్థానికులలో అనేకులు వ్యతిరేకించారు. కళాకారుడు నేలను వాడుకోవాలంటే దాని యజమానిని ఒప్పించవలసినదే. ఈ సంభాషణయే క్రమముగా గ్రామస్థులను భాగస్వాములుగా మార్చినది. కళాఖండములను ఒకేచోట పేర్చక కావాలనే పల్లెపల్లెకు విస్తరింపజేశారు. సందర్శకుడు వాటికోసము తిరుగుతూ దారిలోని పొలములను, ఇళ్ళను, మనుషులను చూస్తాడు. 'కోహెబి-తాయ్' (చిన్న పాముల దండు) అనే స్వచ్ఛంద సేవకుల బృందము నిర్వహణలో సాయపడుతుంది. 2004 అక్టోబరు 23న ఇక్కడ భూకంపము వచ్చినపుడు వీరు ఇళ్ళ బాగుచేతలోను సాయపడ్డారు.

ముఖ్యమైన నిర్మాణములు

* మెట్ల పొలములు (2000): ఇల్యా, ఎమీలియా కబకోవ్ దంపతుల రచన. దున్నుట, నాటుట, కోయుట వంటి పనులలో ఉన్న రైతుల బొమ్మలను మళ్ళలో నిలిపారు. ఎదుటి వేదికనుండి చూస్తే, ముందు వేలాడే అక్షరములు ఆ బొమ్మలతో కలిసి ఒకే చిత్రముగా కనబడతాయి. సాగు మానదలచిన ఆ పొలము రైతు దీని తరువాత మరికొన్నేళ్ళు సాగు కొనసాగించాడు.
* ఒలిచిన ఇల్లు (2006): హోషితోగె గ్రామములోని ఖాళీ ఇంటి గోడలు, నేల, దూలములను నిహోన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఉలులతో చెక్కారు. ఇందులో అతిథులు బస చేయవచ్చును.
* ఉబుసునా ఇల్లు (2006): 1924 నాటి ఇంటిని పింగాణీ కళతో తీర్చి భోజనశాలగా మార్చారు. స్థానిక మహిళలు వంట, వడ్డన చూస్తారు.
* బొమ్మల కథల మ్యూజియము (2009): 2005లో మూతబడిన సనదా ప్రాథమిక పాఠశాలలో చిత్రకారుడు సెయిజో తషిమా రూపొందించినది. ఆ బడిలో మిగిలిన చివరి ముగ్గురు విద్యార్థులే ఇందలి కథకు పాత్రలు.
* కియోత్సు లోయ సొరంగము (2018): 750 మీటర్ల పాత నడక సొరంగమును మాడ్ ఆర్కిటెక్ట్స్ సంస్థ తీర్చిదిద్దినది. చివర నేలపై నిలిపిన పలుచని నీటిలో లోయ ప్రతిబింబిస్తుంది.

ఉత్సవమునకు ముందే, 1982లో తొకామాచిలోని ఒక పాత బడిలో మిథిలా మ్యూజియము వెలసినది. భారతదేశపు మధుబని, గోండు, వర్లీ చిత్రములు ఇందులో ఉన్నవి.

పొలముల పరిరక్షణ

2003లో ఆరంభమైన మెట్ల పొలముల బ్యాంకు పథకములో నగరవాసులు సొమ్ము చెల్లించి ఒక మడిని 'దత్తత' తీసుకుంటారు. పంట వచ్చాక వారికి బియ్యము అందుతుంది. 2015లో ఏర్పడిన ఎఫ్.సి. ఎచిగో-త్సుమారి మహిళా ఫుట్‌బాల్ జట్టు క్రీడాకారిణులు ఇక్కడికి వలస వచ్చి, ఆటతోపాటు ఈ పొలములను సాగుచేస్తున్నారు.

ఫలితములు, పరిమితులు

2000లో సుమారు 1.6 లక్షలుగా ఉన్న సందర్శకుల సంఖ్య 2018లో 5 లక్షలు దాటినది. కోవిడ్ వలన 2021 ఉత్సవము 2022కు వాయిదా పడినది. తొమ్మిదవది 2024లో జరిగినది. ఈ అనుభవముతో కితగావా ఆధ్వర్యములోనే 2010లో సెతోఉచి దీవులలోను ఇటువంటి ఉత్సవము మొదలైనది.

అయితే జనాభా క్షీణత ఆగలేదు. 2005లో సుమారు 62 వేలున్న తొకామాచి జనాభా 2020 నాటికి సుమారు 50 వేలకు తగ్గినది. సందర్శకులు ఎక్కువగా ఉత్సవ కాలములోనే వస్తారు. మంచు తాకిడికి నిర్మాణముల నిర్వహణ భారమవుతుంది. కావున పర్యాటకము ఒక్కటే పల్లెను నిలబెట్టలేదు. మళ్ళు బీడుపడకుండుట, ఖాళీ ఇంటికి ఒక ఉపయోగము దొరుకుట, మిగిలిన వృద్ధులకు తమ ఊరిపై గౌరవము పెరుగుట దీని వలన కలిగిన ప్రయోజనములు.

ఇవి కూడా చూడండి

* జపాన్
* సుస్థిర పర్యాటకము
* భూదాన్ పోచంపల్లి